విడుపు కోసం మసాచుసెట్స్ దాకా

అమెరికా నుంచి తిరిగొచ్చి మూడు వారాలైంది. చర్చిలోనూ బజార్లోనూ కనిపించిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: "నయాగరా చూశారా టీచర్‌గారూ?" చూడలేదు. ఆరు నెలలుండి నేను చూసిందల్లా మా అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంట్ పార్కింగు, ఒక లైబ్రరీ, మసాచుసెట్స్‌లో ఓ కొండ మీద చెక్క హాల్లో మూడున్నర శతాబ్దాల కిందటి ఇంగ్లీషు నాట్యాలు ఆడే నెరిసిన తలల తెల్లవాళ్లు. ఈ మాట చెబితే అందరూ నా వంక జాలిగా చూస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఆ ఐదు రోజుల ప్రయాణం ఇలా రాస్తున్నాను. చదివాక ఆ జాలి మిగలకపోవచ్చు.

నా పేరు ఎస్తేరు. నరసాపురం వైపు ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్ల పైన డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యాను. విజిల్ ఊదడం, వరస సరిచేయడం తప్ప నాకు వేరే విద్య రాదు. అయినా నాట్యాల శిబిరానికి ఎందుకు వెళ్లానంటే, దానికి మా పేట కోలాటం సంగతి చెప్పాలి.

మా పేటలో క్రిస్మస్ ఆరాధన అయ్యాక చర్చి ముందు ఎనిమిది మంది ఆడవాళ్లు కోలాటం వేసేవారు. పాట యేసు పుట్టుక మీద. నడిపించేది మా అమ్మకి అక్క, దీనమ్మ పెద్దమ్మ. పాటకి ఐదు చరణాలు, చరణానికి ఒక చుట్టు. ఐదో చుట్టుని పెద్దమ్మ విడుపు అనేది. లోపల నలుగురు, బయట నలుగురు ఎదురెదురుగా తిరుగుతూ, కర్ర దెబ్బ ఒక్కటి తప్పకుండా, చూస్తుండగానే ఒకే వరసై చర్చి గుమ్మంలోకి నడిచిపోయేవారు. ఎక్కడ విడిపోయారో పక్కన నిలబడి చూసినా తెలిసేది కాదు. పదో తరగతి సెలవుల్లో పెద్దమ్మ చెబుతుంటే నాలుగు చుట్లు అడుగుల గుర్తులతో సహా నోటుబుక్కులో రాసుకున్నాను. ఐదోది "రేపు చెప్తాలేవే" అంది. ఆ రేపటికి నేను మళ్లీ వెళ్లలేదు. పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆ ఎనిమిది మందిలో ఇంకా ఉన్నది ఆవిడ కూతురు సంతోషమ్మక్క ఒక్కతే. అక్కకీ నాకూ పాతికేళ్లుగా మాటల్లేవు. వరసలో చివర నిలబడే మనిషికి విడుపు ఏం తెలుస్తుందిలే, అది ముందుండి నడిపించిన పెద్దమ్మతోనే పోయింది అని నాకు నేను చెప్పుకున్నాను.

న్యూజెర్సీలో మా అమ్మాయి ప్రమీల వెళ్లే తెలుగు చర్చిలో పిల్లలకి క్రిస్మస్ కార్యక్రమం ఉందట. "మీ ఊరి కోలాటం నేర్పండి ఆంటీ" అని అక్కడి ఆడపిల్లలు పట్టుబట్టారు. నా దగ్గరున్నది నాలుగు చుట్లు. తల ఉండి కాళ్లు లేని ఆట ఎలా నేర్పను?

అప్పుడే రూత్ పరిచయమైంది. అమ్మాయి వాళ్లుండే పార్సిప్పనీలో కారు లేని మనిషికి కాళ్లు లేనట్టే. అమ్మాయీ అల్లుడూ ఆఫీస్‌కి పోయాక నేను రోడ్డు వారనే నడిచి లైబ్రరీకి వెళ్లి కూర్చునేదాన్ని. మంగళవారం మధ్యాహ్నాలు అక్కడి కింది హాల్లో పది పదిహేను మంది రెండు వరసలుగా నిలబడి ఏదో ఆడేవారు. నేర్పేది రూత్, డెబ్బై నాలుగేళ్ల మనిషి, రిటైరైన లెక్కల టీచరు. ఆవిడ నేర్పేవన్నీ ఆడే మనుషులు ఏనాడో పోయి, పుస్తకంలో మిగిలిన నాట్యాలు. పుస్తకంలో సగం సగమే ఉంటే మిగతా సగం వీళ్లు తవ్వి తీస్తారట. నా నోటుబుక్కు సంగతి చెప్పాను. "ఆగస్టులో మా శిబిరం ఉంది, నాతో రా. నీ ఆట కూడా తీసుకురా" అంది. ఆవిడ ఇంగ్లీషులో అన్న మాటలు నాకు అర్థమైన మేరకు తెలుగులో రాస్తున్నాను.

ఐసెలిన్

ఎనిమిది జతల కర్రలు కావాలి. శనివారం ప్రమీల నన్ను ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకి తీసుకెళ్లింది. అక్కడ బంగారం కొట్లు, చీరల కొట్లు, మిఠాయి కొట్లు. మన బజారే, కాకపోతే దుమ్ము లేదు. ఒక గుజరాతీ కొట్లో కర్రలు దొరికాయి. మెరుపు కాగితం చుట్టి, కొసకి చిరుగంటలు కట్టి ఉన్నాయి. జత ఆరు డాలర్లు. మా పేటలో వడ్రంగి చండ్ర కర్ర చెక్కిచ్చి, దానికి బదులు క్రిస్మస్ నాడు భోజనానికి వచ్చేవాడు.

"నవరాత్రికా ఆంటీ?" అన్నాడు కొట్టాయన ఇంగ్లీషులో.

"క్రిస్మస్‌కి" అన్నాను. ఆయన బిల్లు కొట్టడం ఆపి నా బోసి నుదురు వంక చూశాడు.

బయటికొచ్చాక ప్రమీల విసుక్కుంది. "అమ్మా, అందరికీ అన్నీ ఎక్స్‌ప్లెయిన్ చేయాలా? అవునంటే అయిపోయేదిగా."

"ఆట మనదని చెప్పడం తప్పా?"

"నీకెప్పట్నుంచి మనదైంది? నా చిన్నప్పుడు కోలాటం చూస్తానంటే ఇంట్లోంచి బయటికి పంపేదానివి కాదు."

పిల్లలకి అక్కర్లేనివన్నీ గుర్తుంటాయి. నేను ఇడ్లీ తిందామని మాట మార్చాను. మూడు ఇడ్లీ ఏడు డాలర్లు, చట్నీ పల్చన.

దారిలో

ఆదివారం పొద్దున్నే రూత్ కార్లో బయల్దేరాం. ఆరాధన మానేసి ప్రయాణం చేయడం నా జీవితంలో అదే మొదలు. ఆ మాటంటే రూత్ నవ్వి, "బైబిల్లో ఆడవాళ్ల పేర్లతో ఉన్నవి రెండే పుస్తకాలు. ఆ రెండూ ఈ కార్లోనే ఉన్నాయి, దేవుడేమీ అనుకోడు" అంది. మనిషి మంచిదే, కానీ అన్నిటికీ ఒక జవాబు సిద్ధంగా ఉంచుకుంటుంది.

కనెక్టికట్‌లో ఓ చిన్న హోటల్ దగ్గర ఆగాం. బ్లూబెర్రీ పై అని ఒకటి తెచ్చారు, నాలుగున్నర డాలర్లు. తియ్యటి కూరని రొట్టె మధ్య పెట్టి కాల్చినట్టుంది. కాఫీ మాత్రం ఎన్నిసార్లు పోసినా ఒకటే రేటు. నేను తెచ్చిన పులిహోర రూత్ కారు బానెట్ మీద పెట్టుకుని చెంచాతో తిన్నది. మిరపకాయని బీన్స్ అనుకుని నమిలింది. కళ్లు ధారగా కారుతున్నా బాగుంది బాగుంది అంటూనే ఉంది.

అక్కడ్నుంచి రెండు గంటలు అడవి. దారిలో రూత్ తన కథ చెప్పింది. ఆవిడ పూర్వీకులు భక్తిపరులట, నాట్యాన్ని సాతాను పనిగా చూసినవాళ్లట. వాళ్ల నాయనమ్మ పెళ్లిలో ఒక్కసారి ఆడినందుకు సంఘంలో లేచి నిలబడి క్షమాపణ చెప్పుకుందట. "అందుకే నేను వారానికి మూడుసార్లు ఆడతాను" అంది. నాకు నవ్వు రాలేదు. కిటికీలోంచి చెట్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.

కొండ మీద

శిబిరం అంటే చెరువు పక్కన చెక్క గదులు, ఒకదాని మీద ఒకటి మంచాలు, బాత్రూము ముప్పై గజాల దూరం. డబ్బు కట్టి మరీ మన వెల్ఫేర్ హాస్టల్లో ఉన్నట్టు ఉంటారు. భోజనంలో ఆకులు, ఉప్పులేని పప్పు, ఏవో గింజలు. నా గోంగూర సీసా సోమవారం మధ్యాహ్నానికి సగం, మంగళవారం రాత్రికి ఖాళీ. ఎవరి పళ్లెం వాళ్లే కడగాలి. పెద్ద పెద్ద డాక్టర్లు, ప్రొఫెసర్లు గిన్నెలు తోమడానికి వరస కడితే చూడ్డానికి బాగానే ఉంది.

అక్కడ నాకు తెలుగు వినిపిస్తుందని అనుకోలేదు.

"ఆంటీ, మీరు తెలుగు కదా? మీ పికిల్ చూసి తెలిసింది. నేను నిఖిల. నేపర్‌విల్ నుంచి. నా తెలుగు కొంచెం బ్యాడ్, ఏమనుకోవద్దు."

ఇరవై ఆరేళ్ల పిల్ల, ఫిజియోథెరపిస్టు. ఐదేళ్లుగా ఈ నాట్యాలు ఆడుతోందట. కూచిపూడి ఎందుకు నేర్చుకోలేదంటే, "అమ్మ ఫోర్స్ చేసింది. ఇది ఎవరూ ఫోర్స్ చేయలేదు" అంది.

పొద్దున తొమ్మిదికి క్లాసు. హాల్లోకి బయటి చెప్పులు రాకూడదు. అందరికీ మెత్తటి బూట్లు ఉన్నాయి, నాకు లేవు. వట్టికాళ్లతో దిగాను. మగా ఆడా రెండు బారు వరసల్లో ఎదురెదురుగా నిలబడతారు. మగవాళ్లు చాలకపోతే ఆడవాళ్లే ఆ వరసలో నిలబడతారు, ఎవరికీ పట్టదు. ప్రతి నాట్యానికీ జత మారాలి. ఒకే మనిషితో రెండుసార్లు ఆడితే మర్యాద కాదట. రూత్ ముందు పాట లేకుండా నడిపిస్తుంది, ఇక్కడికి రా, చెయ్యి అందుకో, తిరుగు, వెనక్కి పో అని. తర్వాత ఫిడేలు, పియానో మొదలవుతాయి. మొదటిసారి అన్నీ చెబుతుంది, రెండోసారి సగం, మూడోసారి ఒకటి రెండు మాటలు. ఆ తర్వాత నోరు మూసేస్తుంది. నలభై మంది ఎవరూ చెప్పకుండా ఆడేస్తుంటారు. ముప్పై ఏళ్లలో నేను విజిల్ నోట్లోంచి తీయకుండా చేసిన పని ఈవిడ మాట్లాడ్డం మానేసి చేస్తోంది. అసూయ పుట్టింది, దాచడమెందుకు.

నాకు మాత్రం తల తిరిగిపోయింది.

"కళ్లలోకి చూడాలి ఆంటీ. పార్ట్‌నర్ కళ్లు. నేల చూస్తే పడిపోతారు" అంది నిఖిల.

పరాయి మగవాడి కళ్లలోకి చూస్తూ గుండ్రంగా తిరగమంటే అరవై ఏళ్ల మనిషిని నేనేం చేయను? ఆ జతలో ఉన్నాయన వాల్టర్ అని ఎనభై దగ్గర పడ్డ పొడుగాటి ముసలాయన. ఆయన కళ్లలోకి కాక చొక్కా గుండీ వంక చూస్తూ తిరిగాను. అయినా పడ్డాను. పడ్డప్పుడు కాలికి చెక్క పేడు గుచ్చుకుంది. ఆయన కింద కూర్చుని, కళ్లజోడు పైకి తోసుకుని, ఓపిగ్గా ఆ పేడు తీశాడు.

ఒక్క మాటే ఉన్న పేజీ

మంగళవారం మధ్యాహ్నం రూత్ తవ్వి తీసే పని నేర్పింది. నేను వెళ్లింది అందుకే కాబట్టి ముందు బల్ల మీద కూర్చున్నాను. పాత పుస్తకంలో పేజీ గోడ మీద వేసి చూపించింది. ఒక చోట ఏం చేయాలో చెప్పడానికి ఒక్క మాటే ఉంది: సైడ్స్. పక్కలు, అంతే. పక్కకి పోవాలా, పక్కపక్కన నిలబడాలా, ఎన్ని అడుగులో, ఏ చెయ్యో ఏమీ లేదు. ఆ రోజుల్లో అందరికీ తెలుసు కాబట్టి రాయలేదు. తెలిసినవాళ్లందరూ పోయారు. వంద ఏళ్ల కిందట ఒకాయన ఇలా ఉండొచ్చని ఊహించి నేర్పాడు, ఊళ్లూ దేశాలూ అలాగే ఆడాయి. తర్వాత వచ్చినవాళ్లు ఆ ఊహ తప్పని తేల్చారు. ఇప్పుడు రెండు రకాలుగానూ ఆడతారు.

"తప్పని తెలిసీ ఎందుకు ఆడుతున్నారు?" అనడిగాను.

"అందంగా ఉంది కాబట్టి. కానీ దాని మీద ఆయన పేరు వేస్తాం. ఊహించడం నేరం కాదు ఎస్తేర్, ఊహని పూర్వీకుల నెత్తిన పెట్టడం నేరం" అంది రూత్.

తర్వాత ఒక కాగితం పంచింది. మరచిపోతున్న నాట్యం ఏదైనా మనిషి నోట విన్నప్పుడు నింపే కాగితం. దాంట్లో గడులున్నాయి: ఎవరు చెప్పారు, తెలిసిందెంత, ఊహించిందెంత, ఊహించినవారెవరు. ఆఖరి గడి: ఈ నాట్యం ఎందుకు ఆగింది, ఎవరు ఆపారు. ఆ గడి ఎందుకని ఎవరో అడిగారు. ఆగిన కారణం తెలిస్తే పోయిన ముక్క ఎక్కడ వెతకాలో తెలుస్తుందట.

రూత్ నా నోటుబుక్కు పేజీలు తిప్పి చూసింది. నాలుగు చుట్లూ గీతలతో చక్కగా ఉన్నాయని మెచ్చుకుంది. "ఆడినవాళ్లలో ఎవరైనా బతికి ఉన్నారా?" అనడిగింది.

"లేరు" అన్నాను.

బుధవారం

ఎవరి ఊరి ఆట వాళ్లు చూపించే రోజది. మధ్యాహ్నం నా వంతు. ఏడుగురిని ఎంచుకున్నాను. వాల్టర్, నిఖిల, ఇంకో ఐదుగురు. నేను పెద్దమ్మ స్థానంలో ముందు నిలబడ్డాను. రూత్ పద్ధతిలో ముందు నడిపించాను. మూడో చుట్టు దాకా బాగానే వచ్చింది. నాలుగోదానికి మా పేట దెబ్బ కొట్టమన్నాను, అంటే చెయ్యి భుజం పైకి లేపి కొట్టాలి. ఆరు డాలర్ల కర్రలు రెండు జతలు టపటపా విరిగాయి. ఒక ముక్క ఎగిరి పియానో మీద పడింది. మెరుపు కాగితం ఊడి, మైనం పూసిన నేలంతా తళుకులు. ఆ నేలని పసిపిల్లలా చూసుకునే శిబిరం మేనేజరు ముఖం చూడాలి. అందరూ నవ్వారు. విరిగిన కర్రల బదులు వంటింట్లోంచి చెక్క గరిటెలు తెచ్చారు. గరిటెలే గట్టిగా మోగాయి.

ఐదో చుట్టు దగ్గర ఆగాం. "ఇది పోయింది" అన్నాను.

వాళ్ల నాట్యాల్లో ఎదురొచ్చేవాళ్లను ఒకసారి కుడి భుజం వైపు, ఒకసారి ఎడమ భుజం వైపు దాటుకుంటూ పూలదండ అల్లినట్టు పోయే నడక ఒకటుంది. దానితో ప్రయత్నిద్దామంది రూత్. లోపలివాళ్లం బయటివాళ్లలోకి అల్లుకుంటూ పోయాం. నాలుగు సార్లు చిక్కుపడి, ఐదోసారి నేను ముందు బయటికి నడిస్తే ఒక్కొక్కరే నా వెనక వచ్చి ఒకే వరసయ్యారు. దెబ్బ తప్పలేదు. గుమ్మం దాటి గడ్డిలోకి వెళ్లిపోయాం. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. అంత అందంగా వస్తుందనుకోలేదు, అయినా అది పెద్దమ్మది కాదు.

లోపలికొచ్చాక అందరూ కింద కూర్చున్నారు. రూత్ కాగితం మోకాలి మీద పెట్టుకుని గడులు నింపుతోంది. ఆఖరి గడి దగ్గర తలెత్తి, "ఎవరు ఆపారు?" అంది.

నలభై మంది నా వంక చూస్తున్నారు.

"మిషనరీలు" అన్నాను. "మీ దేశం నుంచి వచ్చిన దొరలు. కోలాటం సాతానుది అన్నారు."

నిఖిల కళ్లు తుడుచుకుంది. వాల్టర్ లేచి నా దగ్గరికొచ్చాడు. వాళ్ల తాత చైనాలో మిషనరీ అట. అక్కడ ఏమేం ఆపించాడో ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరట. ఆ ముసలాయన నా రెండు చేతులూ పట్టుకుని, "మా వాళ్ల తరఫున క్షమించమని అడుగుతున్నాను" అన్నాడు.

"ఫర్వాలేదు" అన్నాను. క్షమించేశాను.

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. మా పేటకి దొరలు వచ్చిందీ, పోయిందీ నేను పుట్టకముందు. వాళ్లు పోయిన ముప్పై ఏళ్ల తర్వాత కూడా పెద్దమ్మ కోలాటం వేస్తూనే ఉంది. నాకు ఉద్యోగమొచ్చాక ఒక క్రిస్మస్‌కి మా స్కూలు హెడ్మాస్టరునీ టీచర్లనీ భోజనానికి పిలిచాను. వాళ్లు వచ్చేసరికి పెద్దమ్మ చీర బిగించి కట్టి వీధిలో ఆడుతోంది. హెడ్మాస్టరు నవ్వుతూ, "మీ పేట ఆట భలే ఉందండీ ఎస్తేరు గారూ" అన్నాడు. పేట అన్న మాటని ఆయన ఎలా పలికాడో నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మరుసటి ఏడు కొత్త పాస్టరుగారు కోలాటం లోకసంబంధమైనదేమో అని కమిటీలో మెల్లగా అన్నారు. పెద్దమ్మ మీద గౌరవం కొద్దీ పెద్దలెవరూ నోరు విప్పలేదు. నేను లేచి నిలబడి, ఆపేయాలన్నాను. అప్పటికి సండేస్కూలు సూపరింటెండెంటుని, చదువుకున్నదాన్ని, నా మాట చెల్లింది. అంతటితో వదల్లేదు. క్రిస్మస్‌కి వారం ముందు ఎనిమిది ఇళ్లకీ వెళ్లి, కర్రలకి రంగులేయిస్తానని చెప్పి అన్నీ పట్టుకొచ్చాను. మా నీళ్ల పొయ్యిలో పెట్టాను.

పండగ పొద్దున పెద్దమ్మ వచ్చి, "కర్రలేవే?" అంది. "సంఘం వద్దంది" అన్నాను. ఆవిడ పొయ్యి వంక చూసింది, నా వంక చూసింది, వెళ్లిపోయింది. తర్వాత పన్నెండేళ్లు బతికింది. ప్రతి ఆదివారం చర్చిలో నా ముందు వరసలోనే కూర్చునేది. ఆ పన్నెండేళ్లలో ఐదో చుట్టు అడగడానికి నాకు నోరు రాలేదు.

పార్సిప్పనీ పార్కింగు

గురువారం తిరుగు ప్రయాణం. రూత్ ఆ కాగితాన్ని శుభ్రంగా తిరగరాసి, తప్పులుంటే దిద్దమని నా చేతికిచ్చింది. వచ్చే ఏడు శిబిరం పుస్తకంలో వేస్తారట. నాలుగు గంటలు అది నా ఒళ్లో ఉంది. ఎవరు చెప్పారు: దీనమ్మ. తెలిసింది: నాలుగు చుట్లు. ఐదో చుట్టు: ఎస్తేరు, రూత్, ఏడుగురు మిత్రుల ఊహ. ఎవరు ఆపారు: అమెరికన్ మిషనరీలు. నాట్యాన్ని సాతాను పనిగా చూసిన ఇంట్లో పుట్టి, నాట్యం ఆడినందుకు క్షమాపణ చెప్పుకున్న నాయనమ్మ కథ మోసుకుంటూ తిరిగే ఈవిడ చేత నేను ఈ అబద్ధం రాయించాను. వాల్టర్ నా చేతులు పట్టుకోవడం మాటిమాటికీ గుర్తొచ్చి కళ్లు మూసుకున్నాను. రూత్ కారు తిప్పుడుకేమో అనుకుని అల్లం బిళ్ల ఇచ్చింది.

అపార్ట్‌మెంట్ పార్కింగులో కారాపి డిక్కీ తెరిచింది. సంచీ దించుకున్నాను. మిగిలిన కర్రలు దించుకున్నాను. అప్పుడు చెప్పాను. నాకొచ్చిన ఇంగ్లీషులో, కాలాలు తప్పుతూ, పొయ్యి దాకా మొత్తం చెప్పాను.

రూత్ నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. కారు మీద కాగితం పెట్టి, పెన్ను తీసి, మిషనరీలు అన్న మాట ఒక్క గీతతో కొట్టేసింది. పైన నా పేరు రాసింది. "దీనమ్మకి ఏమవుతావు?" అనడిగింది. చెల్లెలి కూతుర్నని చెబితే అదీ రాసింది. తర్వాత, "వాల్టర్‌కి నువ్వే ఉత్తరం రాయాలి, నేను రాయను" అంది. పెన్ను మూత పెట్టి, "ఎవరూ బతికి లేరన్నావు. అది నిజమేనా?" అంది.

"ఒకామె ఉంది. వరసలో చివరామె. ఆవిడకి తెలియదు."

"అడిగావా?"

కర్రలు చంకలో సర్దుకున్నాను. ఆవిడ కాగితం నకలు ఒకటి పోస్టులో పంపుతానని చెప్పి కారెక్కింది.

వాల్టర్‌కి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. అక్టోబరులో చర్చి పిల్లలకి నాలుగు చుట్లూ, కొండ మీద కట్టిన ఐదోదీ నేర్పాను. ఐదోది పాతది కాదు, మేం ఊహించిందని వాళ్లకి చెప్పాను. "సో ఇది ఫేకా ఆంటీ?" అన్నాడొకడు. వాడి తల్లి వాణ్ని గదిమింది. గదమాల్సిన అవసరం లేదు.

పేట

పోయిన ఆదివారం ఆ కాగితం పట్టుకుని సంతోషమ్మక్క ఇంటికి వెళ్లాను. మా ఇంటికీ తనింటికీ మధ్య ఒక్క వీధి. పార్సిప్పనీ నుంచి ఆ కొండకున్న దారి కంటే ఈ వీధే నాకు దూరమైంది. అక్క అరుగు మీద చేటలో బియ్యం ఏరుకుంటోంది. నన్ను కూర్చోమనలేదు.

"ఏంటే, అమెరికా అయిపోయిందా?"

"అయిపోయిందక్కా. పెద్దమ్మ కోలాటం అక్కడ కాగితం మీదకెక్కింది. చూపిద్దామని."

"నాకు ఇంగ్లీషు రాదుగా. చదువు."

చదివి చెప్పాను. దీనమ్మ పేరు వచ్చినప్పుడు చేట మీద చెయ్యి ఆగింది. నాలుగు చుట్లూ విన్నది. ఆఖరి గడి దగ్గరికొచ్చాను. "ఆపించినది ఎస్తేరు, దీనమ్మ చెల్లెలి కూతురు" అని చదివాను.

"రంగులేయిస్తానని పట్టుకెళ్లావు. అది రాయించావా?"

"లేదు."

"అదీ రాయించు."

సరేనన్నాను. ఇక్కడి దాకా వచ్చాక అడగకుండా పోలేకపోయాను. "అక్కా, విడుపు... పెద్దమ్మ ముందు నుంచి ఎలా బయటికొచ్చేదో నీకేమన్నా గుర్తుందా?"

అక్క నవ్వింది. పాతికేళ్లలో ఆ నవ్వు నేను చూడలేదు, చూసినందుకు సంతోషం కలగలేదు.

"ముందు నుంచి కాదే పిచ్చిదానా. అమ్మ ఎప్పుడూ విడవలేదు. విడుపు చివర నుంచి. నేనే విడిచేదాన్ని."

పద్నాలుగేళ్లు వరస చివర నిలబడింది అక్క. కొండ మీద నలభై మంది ముందు నేను ముందు నిలబడి చేసి చూపించినదంతా తలకిందులు.

"నేర్పవా అక్కా? ఈ క్రిస్మస్‌కి పిల్లల్ని పోగుచేస్తాను. తప్పంతా నాదేనని చర్చిలో లేచి చెబుతాను."

అక్క చేట పక్కన పెట్టి, చీర దులుపుకుని లేచింది. లోపలికి వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"నేర్పుతాను. ముందు మా కర్రలు తెచ్చియ్యి. రంగులేయించి."

తలుపు వేసుకుంది. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.